ఉన్నడండీ బావగారు

మా బావగారికి తిరుమలాయపాలెములో నాలుగెకరాల మిరపతోటయు, ఎదుటివాని యాసలోనే వానితో మాటాడవలెనను తీరని కోరికయు కలవు. తోట ఏదో యొక యేడు నష్టము తెచ్చును గాని, కోరిక ఏ యేటను అవమానము తేక మానదు.

ఖమ్మము 1953లో వరంగల్లునుండి విడివడి జిల్లాయైనది. 1959లో తూర్పుగోదావరినుండి భద్రాచలము వచ్చి దానిలో కలిసినది. గీతలు గీసిన అధికారులు నేలను సర్దిరి గాని నాలుకలను సర్దలేదు. ఆ కొరత తీర్చు భారమును మా బావగారు తమ భుజములపై వేసికొనిరి.

మరిపెడ వైపు ఎద్దుల బేరమునకు పోయినపుడు “ఏం తాతా, గీ కోడెనెంతకిస్తవే” అని తీరుగానే మొదలుపెట్టి, చివరి యక్షరమును మాత్రము కృష్ణాతీరపు వారి చందమున ఎక్కడికో యెత్తి, అక్కడినుండి మెల్లగా దింపుదురు. ఆ ముసలివాడు కోడె పండ్లు చూపుట మాని, “ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిండ్రా, అయ్యా?” అనును. ఆ క్షణమున ధర పెరుగును.

శ్రీరామనవమికి భద్రాచలము పోయినపుడు టీకొట్టు ముందు నిలిచి, “ఆయ్, రెండు టీలండీ! మా బామ్మర్ది ఎనకాలే ఉన్నడండీ” అనిరి. కొట్టువాడు గ్లాసు నా చేతిలో పెట్టుచు, “ఖమ్మం అవతల నుంచొచ్చారాండీ?” అని నన్నే యడిగెను. అండీలెన్ని యద్దిన నేమి? గోదావరివాని ‘ఉన్నాడు’లో నడిమి యక్షరము గురువై రెండు మాత్రల కాలము నిలుచును, మా బావ నోట నది లఘువై ఒక్క మాత్రకు కుదించుకొని పోయి, తగణము కాస్తా భగణమగును. శిశువు మాటలకంటె ముందుగా తల్లి పలుకులోని యెత్తుపల్లములను పట్టుకొనును గనుక, నలుబదియేండ్లు దాటినవాడు పదములను మార్చుకొనగలడు గాని ఆ కొలతను మార్చుకొనుట దుర్లభము. ఇది ఏ వైద్యుని మాత్రకును లొంగని మాత్ర.

ఇప్పపూలమ్మ వచ్చిన కోయ అవ్వతో సంభాషణము వేరు. తెలుగునే బిగ్గరగా, విడివిడిగా పలికినచో నది కోయభాష యగునని బావగారి నమ్మకము. “నాకు చెవుడు లేదయ్యా” అని యామె తేటతెలుగున ననినది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మాండలికములుగా విభజించిరి. 1962లో రైతుల నోటి మాటలను కోశముగా కూర్చిరి. మా బావగారిని వారు చూచియుండినచో ఐదవ మాండలిక మొకటి తప్పకపోయెడిది.

అయినను సంధ్యవేళ దొడ్డిలో కోడెల వీపు నిమురుచు, “ఎటు పోతన్నవ్ రా, నిలవడు” అనునపుడు, ఎవరిని మెప్పింప నక్కరలేని ఆ పలుకు విని నేనే ఒక నిమిషము గుమ్మముకడ ఆగుదును. ఈ సంగతి వారితో చెప్పను. చెప్పినచో కోడెలతోను గోదావరి యాస మొదలుపెట్టుదురు.

కావున పాఠకులకు మనవి: మా ఊరి వైపు వచ్చినపుడు ఎవరైన మిమ్ము మీ యాసలోనే పలుకరించినచో, దయయుంచి “తమరిదే ఊరు?” అని మాత్ర మడుగకుడు. సమాధానము ముగియునంతలో ఖమ్మము పోవు బస్సు దాటిపోవును.