కాలెత్తితే ఫౌలా, గెలుపా?

మా తిరువాలంగాడులో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. రిఫరీని తిట్టగలవాళ్లు మాత్రం ఇంటికొకరున్నారు. టీవీ చూసి నేర్చుకున్న విద్య కాదిది, స్థలమహాత్మ్యం. మా వడారణ్యేశ్వరుడి గుడి నటరాజు అయిదు సభల్లో ఒకటి, రత్నసభ. ఇక్కడే ఆయనకూ కాళికీ నాట్యంలో పోటీ జరిగింది. అమ్మవారు అడుగుకి అడుగు వేస్తూ ఎక్కడా తగ్గలేదు. అంతలో స్వామి చెవి కుండలం జారి కింద పడింది. ఆయన దాన్ని కాలివేళ్లతో అందుకుని, ఆ కాలు నిట్టనిలువునా ఎత్తి మళ్లీ చెవికి తగిలించుకున్నాడు. నిండుసభలో అట్లా కాలెత్తడానికి సిగ్గుపడి కాళి తల వంచింది. ఆట ముగిసింది, స్వామి గెలిచాడు.

మా మేనమామ ఈ తీర్పుని ఇప్పటికీ ఒప్పుకోడు. "ఆటగాడి ఒంటిమీద నగ ఉండకూడదని నాలుగో నిబంధన. దిగేముందే కుండలం తీయించి ఉండాల. సరే, తీయించలేదు. ఎదురుగా మనిషి ఉంటే కాలు తలదాకా లేపొచ్చునా? ప్రమాదకరమైన ఆట, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇయ్యాల. గెలుపు ఎట్ల ఇస్తారప్పా?" అంటాడు. మెడలో పాము సంగతి మాత్రం ఎత్తడు, భక్తుడు కదా. మా ఊళ్లో ముందు కాళికి దండం పెట్టుకుని ఆ తరవాతే స్వామి దగ్గరికి పోవడం ఆచారం. అది అమ్మవారు అప్పీలు చేసుకుంటే దక్కిన ఊరట అని మామ వాదన.

మాకు రెండో తీర్పు 1960లో వచ్చింది. అప్పటిదాకా మా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్రలోనే ఉండాలా, మద్రాసుకి పోవాలా అని రెండు రాష్ట్రాలకీ తగవు. అటు మ.పొ.శివజ్ఞానం ఉద్యమం, ఇటు మనవాళ్ల పట్టుదల. మధ్యన హరి వినాయక పాటస్కర్‌ని పెట్టారు. ఆయనది తెలుగూ కాదు, తమిళమూ కాదు. రిఫరీకి అంతకన్నా యోగ్యత ఏం కావాలి! తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఏప్రిల్ 1న అమలు. మా తాత మంచం దిగకుండానే రాష్ట్రం మారాడు. తేదీ చూసి ఎవరో పరాచికాలాడుతున్నారనుకున్నాడట. ఆటగాడు కదలకుండా గీతే కదిలితే ఏం చెయ్యాలో ఫుట్‌బాల్ నిబంధనల్లో ఇప్పటికీ లేదు.

ఇంత అనుభవం ఉన్నవాళ్లం కాబట్టి, 2024 జూన్ 11 రాత్రి దోహాలో జరిగింది మాకు సొంత విషయంలా తోచింది. ప్రపంచకప్ క్వాలిఫయర్, భారత్‌కి ఎదుట ఖతార్. 37వ నిమిషంలో ఛాంగ్తే గోల్ కొట్టాడు. అట్లాగే గెలిస్తే మనవాళ్లు మొట్టమొదటిసారి మూడో రౌండుకి పోతారు. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఒక హెడర్‌ని ఆపాడు, బంతి గోల్ పక్కగా గీత దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడొకడు దాన్ని కాలితో లోపలికి లాక్కున్నాడు, యూసెఫ్ అయ్‌మెన్ గోల్లోకి తన్నాడు. దక్షిణ కొరియా రిఫరీ గోల్ అనేశాడు. ఆ మ్యాచ్‌కి వీడియో చూసి తేల్చే వీఏఆర్ లేదు. మనవాళ్లు చుట్టుముట్టి మొత్తుకున్నా ఫలితం లేదు. 85వ నిమిషంలో ఖతార్ ఇంకోటి కొట్టింది. 2-1.

మర్నాడు పొద్దున చెన్నై లోకల్లో మా పెట్టె మొత్తం రిఫరీలే. తిట్టు తెలుగులో మొదలై మణవూరు దాటేసరికి తమిళంలో పూర్తయ్యేది. తిట్ల విషయంలో మాకు సరిహద్దు తగాదా లేదు. ఒకాయన కిటికీ చువ్వని గోల్‌లైన్ అనుకోమని, టిఫిన్ డబ్బా మూతని బంతిగా పట్టుకుని వివరించాడు. గాల్లోగానీ నేలమీదగానీ బంతి మొత్తం గీత దాటితేనే బయటికి పోయినట్టు, అంచు మిగిలినా లోపలున్నట్టే. మూత నిజంగానే బయటికి పోయింది. ఆ తరవాత ఆయన ఇడ్లీలు మూతలేకుండానే మద్రాసు చేరాయి.

అప్పుడు నోరు విప్పాడు తిరుత్తణి అయివోరు. బడి నుంచి రిటైరయినా ప్రశ్న వెయ్యడం నుంచి రిటైరవలేదు. "మార్చిలో గువాహటిలో, మన గడ్డమీద, అఫ్ఘానిస్తాన్ చేతిలో 2-1తో ఓడినారే, అప్పుడు బంతి ఏ గీత దాటిందప్పా? ఆరు మ్యాచ్‌ల్లో మూడే గోల్స్, అందులో ఒకటి పెనాల్టీ. రాత్రి ఆ గోల్ లేకపోయినా, రెండోది ఉండనే ఉండాది గదా? డ్రా అయినా చాలదు, మన గ్రూపులోని కువైట్ గెలిచేసింది. ఆ కువైట్‌ని కోల్‌కతాలో వారం కింద ఎందుకు ఓడించలేదు? రాత్రి ఖతార్ దింపింది కుర్రాళ్లని, అది కూడా చెప్పమంటారా?"

వద్దన్నాం. కడంబత్తూరు దాకా పెట్టెలో మాట లేదు. అయివోరు చెప్పిందే నిజమని నాకు అప్పుడే తెలుసు. కానీ పొద్దున్నే, నిలబడి ప్రయాణం చేసేవాళ్లకి చెప్పదగ్గ నిజం కాదది. రిఫరీ ఒక్కడే మనిషి, పైగా దూరదేశం వాడు, తిట్టుకోవడానికి సౌకర్యం. గోల్ కొట్టడం రాని పదకొండు మందినీ వాళ్లని తయారుచేసిన పద్ధతినీ తిట్టాలంటే చెన్నై సెంట్రల్ దాకా చాలదు.

అసలు రిఫరీల భాగ్యం కూడా దేశాన్ని బట్టి ఉంటుంది. 1966 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ కొట్టిన బంతి గీత దాటిందో లేదో నేటికీ తేలలేదు. దాటిందన్న లైన్స్‌మన్ తోఫిక్ బహ్రమోవ్ పేరు బాకూలో ఏకంగా స్టేడియానికి పెట్టుకున్నారు.

అయివోరితో చిక్కేమిటంటే లెక్కలు చెప్పి ఊరుకోడు, జకార్తా పోతాడు. ఆ పొద్దునా పోయాడు. 1962 ఏషియన్ గేమ్స్. హైదరాబాదు రహీం సాబ్ కోచ్, సికింద్రాబాదు బలరాం ఆటలో. తలకి గాయమైన జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి ముందుకి పంపితే ఫైనల్లో గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. మామ చటుక్కున లేచాడు. "ఎవరిమీద అన్నారు?" "దక్షిణ కొరియా." "అదిగో! అరవై రెండేళ్లు పగ పట్టి పంపినారు రిఫరీని!" పెట్టె మొత్తానికి ప్రాణం లేచివచ్చింది.

2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలోనూ 2-1తోనే ఓడి 2027 ఆసియా కప్ ఆశ వదులుకున్నాం. మర్నాడు టీ అంగడి దగ్గర మామ ఆత్రంగా అడిగాడు.

"రిఫరీ ఏం చేసినాడు?"

"ఏమీ చెయ్యలేదు, పాపం," అన్నాడు అయివోరు.

మామ గ్లాసు బల్లమీద టక్కున పెట్టాడు.

"అదే చెప్తా ఉండా. ఇంతింత జీతాలు తీసుకుని, ఏమీ చెయ్యకుండా ఎట్ల పోతారు?"