ఆయిడ్ మాస్టారు

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లున్న ప్రతి ఊళ్లోనూ ఒక ఆయిడ్ మాస్టారు ఉంటారు. చెప్పేది జనరల్ ఇంగ్లీషు. చేతిలో అట్ట ఊడిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఉంటుంది. నార్మన్ లూయిస్ దాన్ని 1949లో అచ్చు వేయించాడని, అడగకపోయినా చెబుతారు. ఇంగ్లీషులో పోలికను తెలిపే మాటలంటే ఆయనకు ప్రాణం. మనుషుల పోలికలు మాత్రం ఒక పట్టాన గుర్తుండవు. ఒక బ్యాచి కుర్రాణ్ణి ఇంకో బ్యాచి పేరుతో పిలవడం రోజూ ఉండేదే.

ఆయనకు ఆ పేరు తెచ్చింది గ్రీకు నుంచి వచ్చిన 'ఆయిడ్' అనే ప్రత్యయం. రూపం అని అర్థమున్న 'ఐడోస్' దీనికి మూలం. దేని చివర చేరితే దానిలాంటిదని అర్థం. జ్వరంతో వారం రోజులు క్లాసు ఎగ్గొట్టిన కుర్రాడు టైఫాయిడ్ అని చెప్పుకుంటే, ఒంట్లో ఎలా ఉందని అడగరు. టైఫాయిడ్ అంటే టైఫస్ లాంటిదని బోర్డు మీద రాస్తారు. జబ్బులు రెండూ వేరు, లక్షణాలు కలవడం వల్లే ఆ పేరు. "కాదు సార్, పారాటైఫాయిడ్ అన్నారు" అన్నాడా, ఇక ఆయన్ని పట్టలేం. టైఫస్ లాంటిదాని లాంటిది! ఆ ఊపులో థైరాయిడ్ డాలులాంటిదవుతుంది. ఎవరి జేబులోనో ఫోన్ మోగితే తిట్టడానికి బదులు, ఆండ్రాయిడ్ అంటే మనిషిలాంటిదని చెబుతారు. ఆస్టరాయిడ్ అనే మాటను 1802లో వాడుకలో పెట్టింది విలియం హెర్షెల్. టెలిస్కోపులో చుక్కల్లా కనిపించాయి గనుక నక్షత్రంలాంటివన్నాడు. తీరా చూస్తే అవి రాతి ముద్దలు. పాపం ఆయన తప్పేం లేదు, పేరు పెట్టింది కనిపించిన రూపానికే.

ఉపసర్గల దగ్గర మాస్టారు మర్యాదలు పాటిస్తారు. 'సూడో'ది దొంగ పోలిక. 'క్వాసీ' అలా కాదు, అది కాకపోయినా దాని పని కొంత చేసేది. క్వాసీ జ్యుడీషియల్ సంస్థలు కోర్టులు కావు గానీ తీర్పులిస్తాయి. పాలిటీ పేపర్లో ఎలాగూ వస్తుంది గనుక దీన్ని మాత్రం అందరూ రాసుకుంటారు. 'ఐసో' అంటే సమానం, ఐసోబార్ గీత మీద గాలి పీడనం ఎక్కడైనా ఒకటే. చిక్కంతా 'హోమో'తోనే. హోమోజీనియస్‌లో ఉన్నది 'ఒకే' అనే గ్రీకు మాట, హోమోసేపియన్స్‌లో ఉన్నది 'మనిషి' అనే లాటిన్ మాట. చూడ్డానికి కవలలు, చుట్టరికం లేదు.

ప్రయోగాల విషయంలో ఆయన నిర్దయుడు. 'సిమిలర్' తర్వాత 'టు' ఉండాలి, 'రిజెంబుల్' తర్వాత ఉండకూడదు. 'అలైక్' నామవాచకం ముందు కూర్చోదు. 'చైల్డ్‌లైక్' మెచ్చుకోలు, 'చైల్డిష్' చీవాట్లు.

బారసాలకు పిలిస్తే ఈ సరంజామా అంతా వెంట వస్తుంది. ఉయ్యాల దగ్గర మేనమామ "సేమ్ టు సేమ్ మా బావే" అంటాడు. "ఒక సేమ్ చాలు బాబూ" అంటారు మాస్టారు. "ఇంతకీ ఎవరి పోలికండీ?" అని అమ్మమ్మ అడుగుతుంది. "టేక్స్ ఆఫ్టర్ అనాలమ్మా, తాతగారినైనా తండ్రినైనా. వీడి అన్నయ్యకు మాత్రం పనికిరాదు, అది ఇంట్లో పెద్దతరం వాళ్ల పోలికకే" అని వివరించి, పిల్లాడి వంక చూడకుండానే భోజనాలకు లేస్తారు.