రేపు ఉదయం అగ్నిపర్వతం పంపగలరు

బడి వాట్సాప్ గ్రూపుల మెసేజు రాత్రి తొమ్మిది దాటినంకనే వస్తది. అంతకుముందే వస్తే దుకాణాలు తెరిచి ఉంటయి, మనం సులువుగ బయటపడుతం. "రేపు ఉదయం సైన్స్ ప్రాజెక్టు. అగ్నిపర్వతం వర్కింగ్ మోడల్. తప్పక పంపగలరు." దాని కింద వరుసపెట్టి బొటనవేళ్లు, దండాలు, "ఓకే మేడమ్"లు. ఆ బొటనవేలు పెట్టిన ప్రతి తండ్రీ అదే నిమిషంల ఇంట్ల ఏమన్నడో నాకు తెలుసు. పత్రికల అచ్చువేసే మాటలు కావవి.

మావాడు ఈ ఏడే ఆరో తరగతికి ఎక్కిండు. ఎక్కింది వాడు, చదువుతున్నది నేను.

ఐదో తరగతి దాకా బాగనే ఉండె. ఒక్క మేడమే అన్నీ చెప్పేది, ఏం అడిగినా ఆమె ఒక్కతే అడిగేది. ఇప్పుడు తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, ఇంగ్లిషుకు ఒకరు, లెక్కలకు ఒకరు, సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు. ఒకరు అడిగింది ఇంకొకరికి తెల్వదు. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అదే ఎఫ్‌ఏలు. ఒక్కో ఎఫ్‌ఏలో నాలుగు ముక్కలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, స్లిప్ టెస్టు. ఆరు సబ్జెక్టులను నాలుగు ఎఫ్‌ఏలతోని గుణిస్తే ఏడాదికి ఇరవై నాలుగు ప్రాజెక్టులు. ఇంట్ల ఇద్దరు పిల్లలున్నోళ్లు ఈ లెక్క వేసుకోకండి, బీపీ లేస్తది.

ఈ ప్రాజెక్టుల పద్ధతిని కనిపెట్టినోళ్లు చెడ్డోళ్లేం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చదివితే కండ్ల నీళ్లొస్తయి. పిల్లలు పనులు చేసుకుంట, వెతుక్కుంట, తామే కనుక్కుంట నేర్వాలట. భయం లేకుండ నేర్వాలట. చట్టం అక్షరాలా అమలైతున్నది. మావానికి ఏ భయం లేదు. భయమంతా నాదే.

ఇక్కడ థర్మాకోల్ గురించి చెప్పాలె. చెప్పకుంటే నా కడుపుమంట చల్లారదు.

ప్రాజెక్టు ఏదన్నా కానీ, మూలవస్తువు థర్మాకోలే. అగ్నిపర్వతం థర్మాకోల్, గుండెకాయ థర్మాకోల్. చార్మినార్, మొహెంజోదారో స్నానవాటిక, ఇంకుడుగుంత, పూరిగుడిసె, అన్నీ దానితోనే. పంచభూతాలతోని సృష్టి నడుస్తదని పెద్దలు చెప్పిండ్రు గని, ఆరో తరగతికి ఆరో భూతం కావాలె. ఆఖరికి "పర్యావరణాన్ని కాపాడుదాం" అన్న ప్రాజెక్టు కూడ థర్మాకోల్ షీటు మీదనే నిలబడుతది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించింది. స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, చెవుల పెట్టుకునే పుల్లలు, బుగ్గల కట్టెలు, ఆ వరుసలనే అలంకరణకు వాడే థర్మాకోల్. మరి మావాని అగ్నిపర్వతం అలంకరణ కిందికి వస్తదా, చదువు కిందికి వస్తదా? మార్కులు వేసేటప్పుడు మాత్రం అలంకరణ కిందికే వస్తది.

రాత్రిపూట బెల్లంపల్లిలో థర్మాకోల్ షీటు కోసం తిరిగి చూడాలె. కాంటా చౌరస్తా దిక్కు పోతే షట్టర్లన్నీ దించి ఉంటయి. సగం దించింది ఒకటి కనబడితే నడుము వంచి, తల లోపలికి పెట్టి, "అన్నా, థర్మాకోల్ ఉన్నదా?" అని అడగాలె. ఆయన గల్ల లెక్క చూసుకుంట, మన మొఖం కూడ చూడకుండ, "ఆరా, ఏడా?" అంటడు. తరగతి చెప్తే చాలు, ఏం ప్రాజెక్టో, ఎంత మందం షీటు పట్టాలెనో ఆయనే చెప్తడు. "అగ్నిపర్వతానికి రెండించులది తీస్కపో. పొద్దుగూకంగనే శానమంది తీస్కపోయిండ్రు." నాకు తొమ్మిదిన్నరకు తెలిసిన సంగతి వాళ్లకు పొద్దుగూకంగనే ఎట్ల తెలిసిందో ఆ బుగ్గ రాజేశ్వరునికే ఎరుక.

కొనుడు ఒక ఎత్తు, ఇంటికి తెచ్చుడు ఇంకో ఎత్తు. బండి మీద మా ఇంటామె వెనుక కూసోని రెండు చేతులతోని పట్టుకుంటే, ఆ షీటు తెరచాప లెక్క నిలబడ్డది. ఎదురుంగ లారీ వచ్చిందా, బండి ఒక దిక్కు, షీటు ఒక దిక్కు, మా సంసారం ఇంకో దిక్కు. "మెల్లగ పోరాదుండ్రి" అని ఆమె, "గట్టిగ పట్టుకో" అని నేను. మా పెండ్లయినంక మేమిద్దరం అంత దగ్గర కూసోని అంత గట్టిగ కొట్లాడింది లేదు. ఇంటికి చేరేవరకు ఒక మూల విరిగే ఉంటది. మనకు కావాల్సిన మూల కూడ అదే అయి ఉంటది.

ఇగ కోసుడు. కత్తితోని కోస్తే నీటుగ తెగదు, గింజలు గింజలు రాలుతది. ఆ గింజలు చీపురుతోని ఊడిస్తే చీపురుకు అంటుకుంటయి, చీపురును దులిపితే చేతికి, చేతిని దులిపితే లుంగీకి. స్థిర విద్యుత్తు వల్ల అట్లయితదని సైన్సు చెప్తది. చెప్తే చెప్పనీ, వారం తర్వాత కూడ మా ఇంటి పప్పుల తెల్లగ తేలుతున్నది ఎల్లిపాయనో, ప్రాజెక్టో పోల్చుకోలేక తింటున్నం. వేడిచేసిన తీగతోని కోస్తే సాఫుగ వస్తదని పక్కింటాయన అన్నడు. సాఫుగనే వచ్చింది. కానీ ఆ వాసనకు మా వాడకట్టు కుక్కలన్నీ లేచి పోయినయి.

అప్పుడు మా బామ్మర్ది దిగిండు. వాన్ని ఎవ్వరు పిలువలే. "బావా, గిట్ల బ్రష్షుతోని పూస్తే తెల్లారుతది, స్ప్రే కొడుత జరుగు" అని బండ్లకు కొట్టే రంగు డబ్బా తెచ్చిండు. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్. ఆ రంగులల్ల ఉండే ద్రావకాలు దాన్ని కరిగిస్తయి. వాడు బుస్సుమని కొట్టుకుంటనే ఉన్నడు, కొండ తనలకు తనే కుంగిపోవుకుంటనే ఉన్నది. పేలకముందే చల్లబడ్డ అగ్నిపర్వతం భూమ్మీద అదొక్కటే కావచ్చు. "చూడు బావా, ఎంత నాచురల్‌గ వచ్చిందో" అన్నడు. మా ఇంటామె తమ్ముడు కాబట్టి బతికి బయటపడ్డడు.

ఇంతకూ అగ్నిపర్వతమే ఎందుకు? మన దేశంల ఇప్పటికీ నిప్పులు కక్కేది ఒక్కటే, అండమాన్‌ల బారెన్ దీవి. అక్కడ మనుషులే ఉండరు కాబట్టి ఆరో తరగతి కూడ ఉండదు, పుణ్యాత్ములు. అట్లని మనకు దానితోని సుట్టరికం లేదని కాదు. ఆదిలాబాద్ దిక్కు పత్తి పండే నల్లరేగడి ఉన్నది గదా, అది ఆరున్నర కోట్ల ఏండ్ల కింద పొంగిన లావా రాయి అరిగి అయిన మన్ను. ఆ ముచ్చట బడిల ఎవలన్న చెప్పి, చేనుల నుంచి పిడికెడు రేగడి తెమ్మంటే, నేను నవ్వుకుంట పోయేటోన్ని. అది మాత్రం ఎవ్వరు చెప్పలే. తినే సోడా, నిమ్మరసం, ఎర్రరంగు. బుసబుసమని పొంగితే వర్కింగ్ మోడల్, పొంగకుంటే ఉత్త మోడల్.

మా బాపు మంచం మీద కూసోని ఇదంత చూస్తనే ఉన్నడు. సింగరేణిల కోల్ ఫిల్లర్‌గ చేసి దిగిపోయిన మనిషి. తట్టా చెమ్మస్‌తోని బొగ్గు టబ్బులకు ఎత్తి ఎత్తి, ఇప్పుడు తన నడుము తను ఎత్తుకునేటందుకే తిప్పలు పడుతున్నడు.

"గిదేందిరా?" అన్నడు.

"అగ్నిపర్వతం బాపూ."

"లోపట్నుంచి నిప్పొస్తదా?"

"సోడా వస్తది."

కొంచెంసేపు ఆగి, "మరి పోరనికి బొగ్గుబాయి సంగతి ఎవలన్న చెప్పిండ్రా?" అన్నడు.

చెప్పలేదు. మా ఊరు ఊరైందే బొగ్గు మీద. ఇంటింటికీ ఒక బాయి కథ ఉన్నది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డయి, బెల్లంపల్లి ఏరియా అని పేరు మిగిలింది, దాని జీఎం ఆఫీసు మాత్రం గోలేటిల ఉన్నది. పాతిక కోట్ల ఏండ్లకు పైబడిన అడవి బొగ్గయి మా కాళ్ల కింద పండుకున్నది. ఆ పొరల నడుమ రాతి మీద ఆకుల అచ్చులు చూసిన అంటడు బాపు. కప్పు మీద కట్టెతోని కొట్టి, చప్పుడు గట్టిగ వస్తే పని చేయచ్చు, బోలుగ వస్తే ఉరకాలె అంటడు. ఆ చప్పుళ్ల తేడాను నోటితోని చేసి చూపిస్తడు. మావాడు ఆ చప్పుడు ఇంతవరకు వినలే. వినమంటే, "తాతా, దానికి మార్కులుంటయా?" అన్నడు.

బాపు నా బడికి ఎన్నడు రాలేదు. నీ కొడుకు ఏ తరగతి అని ఎవలన్న అడిగితే అమ్మ దిక్కు చూసేటోడు. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు, వచ్చుడు, నీళ్లు పోసుకునుడు, తినుడు, పండుడు. నాకు ఆయన మీద కోపం ఉండేది, చానా ఏండ్లు ఉండేది. ఆయన నా చదువు కోసం తన పని తను చేసిండు. నేను నా కొడుకు చదువు కోసం వాని పని చేస్తున్న. ఇద్దరిలో ఎవరు తండ్రి పని సక్కగ చేసిండ్రో ఆ అర్ధరాత్రి నాకు తోచలే. మావాడు మాత్రం ఎప్పుడో నిద్రపోయిండు.

పొద్దున ఆ కుంగిన కొండనే గోనెసంచిల పెట్టి పంపినం. పదికి ఆరు మార్కులు. పక్కన ఎర్ర సిరాతోని "నీట్‌నెస్ లేదు" అని రాసి ఉన్నది. మావాడు ఇంటికొచ్చి పుస్తకం నా ముందట పెట్టి, "డాడీ, నువ్వు ఇంకొంచెం కష్టపడాలె" అన్నడు. పదికి పది ఎవరికంటే, లోపల ఎర్ర బల్బు వెలిగేది తెచ్చిన పిల్లగానికట. మంచిర్యాల నుంచి తయారుదే కొనుక్కొచ్చిండ్రట. ఆ తండ్రి మీద నాకేం కోపం లేదు. ఎక్కడ దొరుకుతదో గ్రూపుల చెప్పనందుకే కోపం.

సార్లకు, మేడమ్‌లకు ఒక్క విన్నపం. మీ మీద ఉన్న బరువు కూడ తెల్వంది కాదు. ఆ ప్రాజెక్టేదో బడిలనే, ఒక పీరియడుల, మన్నుతోని చేయించుండ్రి. వంకర వస్తే వంకర రానీయుండ్రి. పదకొండేండ్ల పోరడు చేసింది పదకొండేండ్ల పోరడు చేసినట్టే ఉండాలె, దానికే పది మార్కులు వేయుండ్రి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు సంచి లేని పది రోజులు పెట్టి, ఊర్ల పనిమంతుల దగ్గరికి పంపుమన్నది. మా ఊర్ల పనిమంతులు ప్రతి బస్తీల అరుగుల మీద కూసోని ఉన్నరు. ఒక శనివారం పిలిస్తే, బాయి సంగతి బాయిల దిగినోళ్లే చెప్తరు. థర్మాకోల్ అక్కరలేదు. చాయ్ పోస్తే చాలు.

అది అయ్యేదాకా నా పని నాకు తప్పదు. వచ్చే ఎఫ్‌ఏకు సౌరకుటుంబమట, గ్రహానికొక థర్మాకోల్ బంతి. 2006ల ప్లూటోను గ్రహాల లెక్కల నుంచి తీసేసి ఒక బంతి మిగిలించిన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి బెల్లంపల్లి ఆరో తరగతి తల్లిదండ్రుల తరఫున శనార్థులు.