‘లోపలంతా ఖాళీయే’: టీకా తాత్పర్య సహితం

మూలం

“ముందుకు జరగండమ్మా! జరగండి బాబూ, జరగండి! లోపలంతా ఖాళీయే!”

అవతారిక

ఇది సిటీ బస్సు కండక్టరు వాక్యం. విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో సాయంత్రం ఆరు దాటాక గాజువాక వైపు బయలుదేరే బస్సు ఫుట్‌బోర్డు దీని జన్మస్థానం. శ్రోతలు రెండు తెగలు. ఎక్కి కడ్డీ పట్టుకుని వేలాడుతున్నవారు ఒక తెగ, కింద నిలబడి ఎక్కజూస్తున్నవారు ఇంకో తెగ. వాక్యం ఒకటే అయినా పైవారికి ఒళ్ళు మండుతుంది, కిందివారికి ప్రాణం లేచివస్తుంది. ఒక్క మాటతో ఒక్క క్షణాన ఈ రెండు పనులూ చేయడం మహాకవులకే కష్టం. ఇంతటి వాక్యానికి ఇన్నాళ్ళూ వ్యాఖ్యానం లేకపోవడం పండితుల దగ్గర స్కూటర్లు ఉండబట్టే.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: నలుగురి మనసు మన మనసును ఎలా లాక్కుపోతుందన్నది. ప్రయోజనం: బస్సు దిగాక మనలో మిగిలిన కోపం ఎవరిదో తేల్చుకోవడం. సంబంధం: భుజానికీ భుజానికీ ఉన్నదే. అధికారి: నిలబడి ప్రయాణించేవాడు. కిటికీ పక్క సీటు దొరికినవాడికి ఈ శాస్త్రంతో పని లేదు.

పాఠనిర్ణయం

ప్రాచీన పాఠంలో “జరగండి బాబూ” మొదట, “అమ్మా” తరువాత ఉండేవి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై మహిళలకు జీరో టికెట్టు వచ్చాక “అమ్మా” ముందుకు వచ్చింది, “బాబూ” వెనక్కి జరిగింది. కాబట్టి మనం స్వీకరించిన పాఠం ఆ తేదీకి తరువాతిదని నిస్సందేహంగా చెప్పవచ్చు. మల్కాపురం ప్రతిలో “ఎక్కేవోళ్ళు మనుషులు కారేటి?” అని ఒక పాదం అధికం. దానికి లోపలి నుంచి “ఎక్కడికి జరగమంటావు, డ్రైవరు ఒళ్ళోకా?” అని ప్రత్యుత్తరం వినబడుతుంది. ఇది ప్రక్షిప్తమే అయినా ఇది లేని ప్రతి ఇంతవరకు దొరకలేదు.

ప్రతిపదార్థం

అమ్మా, బాబూ = ఓ అపరిచితులారా;
ముందుకు = డ్రైవరు ఉన్న దిక్కుగా;
జరగండి = పట్టిన కడ్డీ వదలక, ఎత్తిన పాదం పక్కవాడి పాదం మీదనే మోపుతూ కదలండి;
లోపల = ఇంతవరకు ఎవరూ చూడని బస్సు మధ్యభాగమందు;
అంతా = ఎక్కడో ఒకచోట;
ఖాళీయే = ఒక మనిషికీ ఒక టిఫిన్ క్యారియరుకూ చాలినంత జాగా ఉండకపోదు.

విశేషం 1: రసనిర్ణయం

భరతుడు వ్యభిచారి భావాలు ముప్పైమూడు అన్నాడు. కాంప్లెక్సు నుంచి సింధియా చేరేలోగా మరణం తప్ప మిగిలినవన్నీ ఈ బస్సులో కనబడతాయి. శ్రమ, గ్లాని అందరికీ సమానం. సీటున్నవాడి మీద అసూయ. సీటున్నవాడిలో గర్వం. ముసలావిడ ఎక్కగానే అతడు పోర్టు క్రేన్లను జన్మలో చూడనట్టు చూడడం అవహిత్థం, అంటే మనసులోనిది దాచడం. ఆ పక్కవాడికి సరిగ్గా అప్పుడే పట్టేది నిద్ర.

స్థాయిభావం మాత్రం క్రోధం. ఇక్కడొక సందేహం. రైల్వే స్టేషన్ దగ్గర ఈల వేసుకుంటూ ఎక్కిన కుర్రవాడు రెండు స్టాపుల్లో మొహం గంటు పెట్టుకుంటాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. మరి కోపం ఎక్కడిది? ఎలైన్ హాట్‌ఫీల్డ్, జాన్ కాసియోపో, రిచర్డ్ రాప్సన్ అనే ముగ్గురు పండితులు 1994లో భావాలు అంటుకునే తీరు మీద ఒక గ్రంథమే రాశారు. మనిషి ఎదుటివాడి ముఖాన్నీ గొంతునూ నిలబడే తీరునూ తనకు తెలియకుండానే అనుకరిస్తాడని, బయట అలా ముడిపడిన బొమలు లోపలికి కూడా కబురు పంపుతాయని వారి మతం. కుర్రవాడు కోపం తెచ్చుకోలేదు. ముందు ముఖం అరువు తెచ్చుకున్నాడు, కోపం వడ్డీగా వచ్చింది.

విశేషం 2: శ్లేష, పూర్వపక్షం

‘లోపల’ అంటే బస్సులోపల అని వాచ్యార్థం. మనసులోపల అని శ్లేష. ఈ రెండో అర్థాన్ని పట్టుకుని ఒక వాదం బయలుదేరింది. దాని ఆచార్యుడు ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె బాన్. గుంపుల మనస్తత్వం మీద 1895లో ఆయన పుస్తకం అచ్చయింది. గుంపులో పడ్డవాడు తన బుద్ధిని కోల్పోతాడని, మంత్రం వేసినట్టు ఎవరేది చెబితే అది చేస్తాడని ఆయన పక్షం. అంటే, లోపలంతా ఖాళీయే. ఆ ఖాళీలోకి గుంపు ఎక్కి కూర్చుంటుంది. జనం పోగైనప్పుడల్లా కంగారుపడే అధికారులకు ఈ వాదం ఎంతో నచ్చింది.

విశేషం 3: ఖండనం

లె బాన్ మతమే నిజమైతే జనం పెరిగిన కొద్దీ, ఒత్తిడి పెరిగిన కొద్దీ, కోపమూ పెరగాలి. అలా పెరగదనడానికి సాక్షి సింహాద్రి అప్పన్న.

ఆషాఢ పౌర్ణమికి ముందు చతుర్దశి నాడు అప్పన్న కొండ తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం గిరి ప్రదక్షిణకు బయలుదేరుతారు. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. లక్షల కాళ్ళు, అందులో సగానికి చెప్పులుండవు. దారిలో వాన, కాకపోతే ఉక్క. సోమవారం బస్సులో కాలు తొక్కితే “కళ్ళు కనబడట్లేదేటి?” అన్న మనిషే ఇక్కడ తొక్కించుకుని “పర్లేదు తల్లీ, గోవిందా!” అంటాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు గ్లాసుతో మజ్జిగ చేతికిస్తే ఎంగిలా మడా అని అడక్కుండా తాగుతాడు. మోకాళ్ళ నొప్పి ఏమీ తగ్గలేదు. ఆ నొప్పికి ఎవరినో ఒకరిని తిట్టాలన్న కోరిక మాత్రం తగ్గింది.

దీనికి ప్రయాగలోనూ ప్రమాణం ఉంది. మాఘమేళాలో భారతీయ, బ్రిటిష్ మనస్తత్వవేత్తలు కలిసి పరిశీలనలు చేశారు. ఏదో తెలియని ఒకే హోరును భక్తులకు వినిపించి, అది మేళా చప్పుడని చెబితే ఎక్కువసేపు విన్నారు, ఊరి రొద అని చెబితే అంతసేపు ఓర్చుకోలేదు. చెవికి తగిలింది అదే హోరు.

కనుక సమ్మర్దం రెండు విధాలు. శరీరాలు ఒకచోట పడి ఉన్నది ఒకటి. ‘ఇక్కడున్నవాళ్ళమంతా ఒకటే’ అన్న ఎరుక ఉన్నది రెండవది. స్టీఫెన్ రైకర్, జాన్ డ్రూరీ వంటి నేటి పరిశోధకులు ఈ భేదం మీదనే సిద్ధాంతం కట్టారు. మనవాడు అభినవగుప్తుడు వెయ్యేళ్ళ కిందటే తంత్రాలోకంలో దీన్ని ముట్టుకున్నాడు. నలుగురు కూడిన చోట ఒకరి చైతన్యం మరొకరిలో అద్దంలో లాగా ప్రతిఫలించి విస్తరిస్తుందని, అందులో కలవనివాడు ఒక్కడున్నా ఆ విస్తారం ముడుచుకుపోతుందని ఆయన అన్నాడు. అలాంటివాణ్ణి లోపలికి రానివ్వకండని విధించాడు కూడా. టికెట్టు కొన్నవాణ్ణి ఆపే అధికారం కండక్టరుకు లేదు గనుక ఆ విధి బస్సుకు వర్తించదు.

విశేషం 4: దృష్టాంతం

2005 ఏప్రిల్ 5. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో మొట్టమొదటి అంతర్జాతీయ వన్డే, అదీ పాకిస్తాన్‌తో. సచిన్ రెండు పరుగులకే రనౌట్. అంతమంది గొంతులు ఒక్క పెట్టున పడిపోయాయి. మూడో స్థానంలో జులపాల జుట్టు వికెట్‌కీపర్ వచ్చాడు. అంతకుముందు ఆడిన నాలుగు వన్డేల్లోనూ అతడు 12 దాటలేదు. ఆ రోజు 123 బంతుల్లో 148 కొట్టాడు. జట్టు స్కోరు 356, విజయం 58 పరుగులతో. ధోనీ పేరు ఊరూరికీ తెలిసింది అప్పుడే.

ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడు ప్రతి సిక్సరునూ మూడు కోణాల్లో మళ్ళీ మళ్ళీ చూశాడు. స్టేడియంలో ఉన్నవాడికి బంతి సగంసార్లు కనబడనే లేదు. ముందువాడు లేస్తే లేచాడు, అరిస్తే అరిచాడు. అయినా ఈనాటికీ మీసం మెలేసేది రెండోవాడే. ఇంట్లోవాడి సంతోషానికి సాక్షి అతడొక్కడే. స్టేడియంలో ఎటు తిరిగినా తన సంతోషమే ఇంకొకరి ముఖం మీద కనబడుతుంది. నాలో కలిగింది సరైనదేనని అంతమంది సంతకం పెడితే ఆ భావానికి వచ్చే ధైర్యం వేరు. సచిన్ అవుటైనప్పటి దిగులు అంత బరువుగా ఉండడానికీ కారణం అదే. గుంపు హెచ్చవేస్తుంది, దేన్ని హెచ్చవేయాలో దానికి పట్టింపు లేదు.

విశేషం 5: ప్రధాన ప్రమాణం

ఇక్కడ వ్యాఖ్యాత పరిహాసం కట్టిపెట్టి మాట్లాడాలి. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అన్న నినాదం 1966లో ఈ వీధుల్లో మోగినప్పుడు అరిచినవారిలో ఎంతమంది బ్లాస్ట్ ఫర్నేసు చూసి ఉంటారు? ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నాడు. విద్యార్థులు బళ్ళు వదిలి రోడ్డెక్కారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించింది. 1971 జనవరి 20న ఆమే శంకుస్థాపన చేసింది.

గుంపు ఆవేశం మంత్రం వేసినట్టిదే అయితే జనం ఇళ్ళకు పోగానే దిగిపోవాలి. ఇది దిగలేదు. 2021 జనవరి 27న ఆ కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెం శిబిరంలో అదే నినాదం మళ్ళీ లేచింది. అన్నవారిలో చాలామంది 1966 నాటికి పుట్టనైనా లేదు. నలుగురిలో కలిగిన భావమంతా అరువుదేనని తీసిపారేసేవాడు ఈ ఊళ్ళో ఒకసారి షిఫ్టు మారే వేళ నిలబడి చూడాలి. ఆనాటి అరుపులోంచి ఒక ఊరే పుట్టింది.

సిద్ధాంతం

కనుక శ్లేషార్థంలో మూలవాక్యం అసత్యం. లోపల ఖాళీ లేదు. బస్సులో లాగే మనిషి లోపల కూడా భయం, దయ, గర్వం, చిరాకు, రోషం, జాలి అన్నీ ఎప్పుడో ఎక్కి కూర్చున్నాయి. గుంపు కొత్తవాళ్ళను ఎక్కించదు. ఉన్నవాళ్ళలో ఒకణ్ణి లేపి గుమ్మం దగ్గరికి తెస్తుంది. ఎవణ్ణి లేపుతుందన్నది చుట్టూ ఉన్నవాళ్ళను మనం ఎవరనుకుంటున్నామో దాన్ని బట్టి ఉంటుంది.

దీన్ని బస్సులోనే పరీక్షించవచ్చు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర ట్రైలర్ లారీ ఒకటి అడ్డం తిరిగి బస్సు పావుగంట కదలకపోతే మొదటి అయిదు నిమిషాలు తిట్లు. తరువాత ఎవరో “ఇది ఈపాటికి తెమిలేది కాదు గానీ, మామ్మా, మీరిలా కూకోండి” అంటారు. అంతవరకు నిద్రపోయినవాడు లేస్తాడు. ఒకరి సెల్లు ఇంకొకరి ఇంటికి కబురు చేరుస్తుంది. తల మీద ఒకే కష్టం పడేసరికి అపరిచితులు బంధువులయ్యారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక, కరెంటూ ఫోనూ లేని ఆ రోజుల్లో, ఊరు మొత్తానికి జరిగింది ఇదే. లండన్‌లో 2005 జులై 7న సొరంగ రైళ్ళలో బాంబులు పేలినప్పుడు కూడా చీకట్లో చిక్కుకున్నవారు ఒకరినొకరు తొక్కుకోలేదని, ఎక్కువగా సాయమే చేసుకున్నారని డ్రూరీ బృందం నిర్ణయించింది.

తాత్పర్యం

ఓ అమ్మలారా, బాబులారా! మీరు కొంచెం కొంచెం జరిగితే మరొకరికి చోటు దొరుకుతుంది. చుట్టూ ఉన్నవారి కోపం మీ ముఖం మీదికి వస్తుంది, దాన్ని ఆపడం మీ చేతిలో లేదు. అది మీలో ఎవణ్ణి లేపిందో చూసుకోవడం మాత్రం చేతిలో ఉంది. లేచినవాడు మజ్జిగ ఇచ్చేవాడైతే దారి ఇవ్వండి. మోచేతితో పొడిచేవాడైతే తరువాతి స్టాపులో దించేయండి. కండక్టరు మిమ్మల్ని ‘ప్రయాణికులారా’ అనకుండా ‘అమ్మా, బాబూ’ అన్నది ఊరికే కాదు. చుట్టరికం కలిపితే తప్ప ఆ చోటు పుట్టదని ఆయన ఏ గ్రంథమూ చదవకుండానే గ్రహించాడు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను కడ్డీ పట్టుకుని చదివినవారికి మల్కాపురం దాటాక సీటు దొరుకును. కూర్చుని చదివినవారికి పక్కన మామ్మ నిలబడి ఉన్నట్టు కనబడును.

ఇది ఫుట్‌బోర్డు వాస్తవ్య, కడ్డీధారణ ధురీణ, అనామక ప్రయాణిక విరచితంబైన సిటీబస్సు భాష్యంబునందు సమ్మర్ద ప్రకరణంబు సమాప్తము. తరువాతి ప్రకరణంబున “సరిపడా చిల్లర ఇచ్చి సహకరించండి” అను మహావాక్యంబు విచారింపబడును. అందు రసోత్పత్తి కానరాదు, రూపాయి మాత్రము పోవును.