అరువు పేర్ల యాత్ర

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వస్తూ వెంట ఆఫీసు స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. "మావయ్యా, వీడికి మన చుట్టుపక్కల చూడాల్సినవన్నీ చూపించాలి" అన్నాడు. నేను చొక్కా చేతులు మడిచి, "ఓస్, అదెంత పని! మన ప్రాంతం అంటే ఏమనుకున్నావురా, ఆంధ్రా కేరళ!" అన్నాను.

కుర్రాడు సన్నగా నవ్వాడు.

"వీడిది కేరళే మావయ్యా. పత్తనంతిట్ట జిల్లా" అన్నాడు మేనల్లుడు.

అయినా మండపేటలో పుట్టినవాణ్ణి, అంత సులువుగా వెనక్కి తగ్గుతానా? కలువపువ్వు సెంటర్లో కారు మాట్లాడాను. "ఆయ్, ముందు ద్వారపూడి చూపించేద్దామండి" అన్నాడు డ్రైవరు. మా మండలంలోదే, కూతవేటు దూరం. అయ్యప్ప గుడి ముందు దిగగానే నాకు పూనకం వచ్చింది. "బాబూ, దీన్ని ఆంధ్రా శబరిమల అంటాం. అంతదూరం వెళ్లలేని స్వాములు ఇరుముడి ఇక్కడే దించుతారు" అని సాంతం వివరించాను. ఎవరికి? శబరిమల ఉన్న జిల్లావాడికి! మర్యాదస్తుడు కాబట్టి చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, "మా ఇంటి దగ్గరే ఉన్నట్టుంది అంకుల్" అన్నాడు. మెచ్చుకున్నాడో, సెలవు దండగైందన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అక్కణ్ణుంచి జి.మామిడాడ. ఆకాశాన్నంటే గోపురాలు, కోదండరాముడు. "చిన్న భద్రాద్రి" అన్నాను. ఆ తర్వాత ద్రాక్షారామం. "దక్షిణ కాశీ" అన్నాను.

"మీరు కాశీ వెళ్లారా అంకుల్?"

"లేదు బాబూ."

"మరి ఇది దానిలా ఉందని ఎలా తెలిసింది?"

డ్రైవరు అద్దంలోంచి నా మొహం చూసి, చప్పున పాట సౌండు పెంచాడు.

ఆ ప్రశ్న నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నిజమే, మన దగ్గర ఏదీ తన పేరుతో తాను బతకదు. అరకు ఆంధ్రా ఊటీ. హార్స్‌లీ హిల్స్ కూడా ఆంధ్రా ఊటీయే. అంటే తమిళనాడుకి ఊటీ ఒకటే, మనకు రెండు. లంబసింగి ఆంధ్రా కాశ్మీరు. గండికోట ఏకంగా అమెరికా దాటి వచ్చి ఇండియా గ్రాండ్ కాన్యన్ అయింది. ఊటీలో ఎవరైనా "మాది తమిళ అరకు" అని బోర్డు కట్టారా? అలెప్పీ పడవవాడు "రండి, ఇదే కేరళ కోనసీమ" అని పిలిచాడా?

ద్రాక్షారామం సంగతే చూడండి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో సాక్షాత్తు వ్యాసుడంతటి వాడిని కాశీ నుంచి బయలుదేరదీసి దాక్షారామానికి రప్పించాడు. కాశీని వదిలినవాడు వచ్చి చేరిన ఊరికి, కాశీ చెయ్యి పట్టుకుంటే గానీ నిలబడలేదని మనం పేరు పెట్టాం. బిక్కవోలుకైతే పేరులోనే బిరుదుంది. తూర్పు చాళుక్యుడు గుణగ విజయాదిత్యుడికి 'బిరుదాంక' అని బిరుదు. ఆ బిరుదాంకప్రోలే బిక్కవోలు అంటారు. తొమ్మిదో శతాబ్దంలో రాజు తన బిరుదు ఊరికిచ్చాడు. ఇరవై ఒకటో శతాబ్దంలో మనం పక్క రాష్ట్రం ఊరి పేరు అప్పు తెస్తున్నాం. ఇక కోరంగి. అక్కణ్ణుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కొరంగీలనే పిలిచేవారు. ఒక జాతికి తన పేరు పెట్టిన రేవది. ఇవాళ అక్కడి మడ అడవులకు ఏ దేశం పేరు అంటిద్దామా అని ఎవరో ఆలోచిస్తూనే ఉంటారు.

అరువు పేరు అక్కర్లేకుండా జనాన్ని లాగేది ఒక్కటే కనిపించింది: కోడిపందెం. చట్టం ప్రకారం నిషేధం, పండగ ప్రకారం తప్పనిసరి. దాన్ని ఆంధ్రా స్పెయిన్ అని ఎవరూ అనలేదు. ప్రచారం లేదు, కరపత్రం లేదు. అయినా కార్లు పెట్టడానికి చోటుండదు.

ఇంతకీ మా ఊరు? మాండవ్య మహర్షి పేరు మీద మాండవ్యపురం అనేవారని పెద్దలు చెబుతారు. మహర్షిని ఎవరూ కదపలేదు గానీ, ఊరిని మాత్రం తిప్పుతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టాయి. పడుకునేటప్పుడు తూర్పుగోదావరి వాళ్లం, లేచేసరికి కోనసీమ వాళ్లం. కోనసీమ ఉన్నది గౌతమికి ఆవలి ఒడ్డున. మేం పడవెక్కలేదు, వంతెన దాటలేదు, అయినా చేరిపోయాం. 2025 చివర్లో మళ్లీ తూర్పుగోదావరిలో కలపాలని నిర్ణయించారు. ఈ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ తిరిగిన యాత్రికుడు ఎవరయ్యా అంటే మా ఊరే.

మర్నాడు నేను నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కారు మండపేట కాలువ గట్టు మీద పోతోంది. కుర్రాడే ఆపించాడు. "ఇదేం నది?" అన్నాడు. "నది కాదు బాబూ, కాలువ" అని ఊరుకోబోయి ఆగలేకపోయాను. 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించడం, దాన్నుంచి కాలువలు చీలడం, ఒకప్పుడు లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు వాటి మీద తిరగడం చెప్పాను. కుర్రాడు నీళ్లకేసి చాలాసేపు చూశాడు.

"మా నీళ్లు దేవుడిచ్చినవి అంకుల్. ఇవి మనుషులు తవ్వినవా?"

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సరిగ్గా అప్పుడే ఎగువ నుంచి ఒక ప్లాస్టిక్ సంచుల గుత్తి, దాని వెనక ఒక పాత పరుపు తీరిగ్గా తేలుతూ వచ్చాయి. దొర విగ్రహానికి ఏటా దండ, దొర కాలువకి రోజూ చెత్త. పంపకంలో మనం ఎప్పుడూ ధర్మం తప్పలేదు. "బోటింగా?" అన్నాడు మేనల్లుడు, పరుపుకేసి చూస్తూ.

కపిలేశ్వరపురం వెళ్లాం. ఆడపిల్లలకు హరికథ నేర్పే పాఠశాల ఉంది అక్కడ, 1973 నుంచి. చిడతలు, గజ్జెలు, పూలదండ, ఒక్క మనిషే పాత్రలన్నీ అయి రాత్రంతా కథ నడపడం, ఇవన్నీ చెప్పాను. "మాకు కథాప్రసంగం ఉంది. దీనికి చుట్టమే అయ్యుంటుంది" అన్నాడు కుర్రాడు, కళ్లు పెద్దవి చేసి. చుట్టరికం కలపడమంటే అదీ! మనమైతే 'ఆంధ్రా కథాప్రసంగం' అని బోర్డు రాయించేవాళ్లం.

చివరికి తాపేశ్వరం. మడతకాజా చేతికిచ్చాను. కొరికాడు. పొర విడి పాకం వేలి మీద కారింది. కొంటెగా అడిగాడు: "దీన్నేమంటారు అంకుల్? ఆంధ్రా... ఏమిటి?"

"కాజా" అన్నాను. జీవితంలో ఇంత క్లుప్తంగా నేనెప్పుడూ మాట్లాడలేదు. 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకంలోకెక్కిన ఊరిది. అయినా దాని పేరు ముందు ఆంధ్రా అనీ, చిన్న అనీ, దక్షిణ అనీ ఎవరూ తగిలించలేదు.

కుర్రాడు వాళ్లమ్మకి రెండు కిలోలు పార్సిల్ చేయించాడు. పంపేవారి చిరునామా రాస్తూ జిల్లా దగ్గర పెన్ను ఆపాడు.

"కోనసీమ" అన్నాను నేను.

"కాదు మావయ్యా, తూర్పుగోదావరి" అన్నాడు మేనల్లుడు.

"మా నాన్న ఏ పనికైనా కాకినాడే వెళ్లేవాడండి" అన్నాడు డ్రైవరు.

కొట్లో కుర్రాడు తూకంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"తాపేశ్వరం అని రాసెయ్యండి, చాలండి."