రబ్బరున్న పక్క

మా బావకు షుగరుంది, దానికి మాత్రలున్నాయి. రేడియో వాల్వుల పిచ్చి కూడా ఉంది, దానికి ఇంతవరకూ ఎవరూ మందు కనిపెట్టలేదు. ఇట్లాంటివాడు మీకూ ఒకడు తెలిసే ఉంటాడు. ఇంట్లో గ్రైండరు చెడిపోయి మూడు నెలలైనా అటువైపు చూడడు. ఎక్కడో పాత సినిమా టెంటు పీకేస్తున్నారంటే మాత్రం తెల్లారేసరికి అక్కడుంటాడు, యాంప్లిఫయరును పాత ఇనుప సామాన్లోడికి వేసేస్తారేమోనని.

శిడ్లఘట్టలో ఆయన పని పట్టు రీలింగు. పొద్దున్నే గూళ్ళ మార్కెట్టుకు పోయి, ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల పురుగు గలగలమనేది విని, ఇది కొనొచ్చు, ఇది వద్దు అని చెప్పేస్తాడు. వేలం కంప్యూటర్లోకి మారింది గానీ ఆ చెవి మారలేదు. ఇంటికొచ్చి అదే చెవితో వాల్వులనూ పరీక్ష చేస్తాడు. పెన్సిలుకు వెనక రబ్బరుంటుంది చూడండి, ఆ పక్కతో గాజు మీద మెల్లగా తడతాడు. స్పీకర్లో టింగుమంటే ముఖం మాడిపోతుంది. లోపలి సామాను వదులైందని లెక్కంట. ఏమీ వినబడకపోతే మనవడు పుట్టినంత సంతోషం. ఏమీ వినబడనందుకు ఇంత సంబరపడే సంగీతాభిమానిని నేనింకెక్కడా చూడలేదు.

అసలు ఆయన పాట వినడు. ఘంటసాల పాడుతున్నా, రాజ్‌కుమార్ పాడుతున్నా ఆయన చెవి యాంప్లిఫయరు దగ్గరే ఉంటుంది. "ఆ గుండ్రం చూసినావా?" అంటాడు. పాటలో గుండ్రమేమిటో నాకు ముప్పై ఏళ్ళుగా తెలియలేదు. తెలిసినట్టు తలాడిస్తున్నాను, అక్క మొగుడు కదా.

సెట్టు ఆన్ చేస్తే వెంటనే మోగదు. "సొల్ప తాళప్పా, వేడెక్కనీ" అంటాడు. సొల్ప కన్నడం, తాళు రెండు భాషల్లోనూ ఉంది. మా పక్క మాటలే అంత, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. వాల్వులో సన్నని తీగ ఉంటుంది. 6.3 వోల్టులిస్తే ఎర్రబడుతుంది. ఆ వేడికి లేచిన ఎలక్ట్రాన్లు ఎదురుగా 250, 300 వోల్టులతో కాచుకుని ఉన్న పలక మీదికి దూకాలి. దీనికంతా అర నిమిషం, మహా అయితే నిమిషం. ఆ నిమిషంలోనే మా బావ 1904లో ఫ్లెమింగు కనిపెట్టిన మొదటి వాల్వు నుంచి, డి ఫారెస్టు మధ్యలో ఇంకో తీగ దూర్చింది దాకా వచ్చేస్తాడు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిందనే దగ్గర మాత్రం గొంతు పూడుకుపోతుంది. అప్పటికి పల్లవి అయిపోయి ఉంటుంది.

కాశీ కన్నా ఆయనకు బెంగళూరు జాలహళ్ళి గొప్ప. అక్కడ 1954లో పుట్టిన బి.ఇ.ఎల్. కంపెనీ ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది. బస్సు ఆ సర్కిల్ దాటేటప్పుడు, కైవారం తాతయ్య సన్నిధిలో ఉన్నట్టు లెంపలు వేసుకుంటాడు. "ఇక్కడ ఏ దేవుడుండాడు సార్?" అని కండక్టరు అడిగితే, "ఇ.ఎల్. 84" అన్నాడంట. ఎస్.పి. రోడ్డులో ఆ వాల్వు దేవుడి జత దొరికిన రోజు, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని శిడ్లఘట్ట దాకా వచ్చినాడు. పక్కన మా అక్క ఒళ్ళో కూరగాయల సంచి, ఆయన గొడుగు, ఆయన కొత్త చెప్పులు.

ఇక నా పెళ్ళి సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1991, చింతామణి పక్క పల్లె. మైకుసెట్టు నాదేనని బావ పట్టుబట్టినాడు. పొద్దున మోటర్లన్నీ ఆడుతుంటాయి కాబట్టి కరెంటు 150 వోల్టులకు పడిపోయింది. వాల్వుల్లో తీగలు మబ్బు పట్టిన సూర్యుడి మాదిరి ఎర్రగా కూడా కాదు, గోధుమరంగులో ఉన్నాయి. అయ్యవారు ముహూర్తం ముహూర్తమని అరుస్తా ఉంటే, ఈయన పందిట్లో చెయ్యెత్తి "సొల్ప తాళండప్పా" అంటున్నాడు. అయ్యవారు తాళలేదు. తాళి కట్టేశాను. నా పెళ్ళిలో మంత్రం ఒక్కటీ ఊరికి వినబడలేదు. కరెంటు సరిపడా వచ్చి హారను గుర్రుమని మేలుకున్నాక ఊరంతా విన్న మొదటి మాట, "రెండో పంక్తికి సాంబారు తెండప్పా."

మొన్నటేడు అమెరికా నుంచి మేనల్లుడు ఒక ఫోటో పంపినాడు. అక్కడ లారీ డ్రైవర్లు మాట్లాడుకునే సి.బి. రేడియోకు తగిలించే పాత వాల్వు యాంప్లిఫయరు, ఎవరింటి ముందో అమ్మకానికి పెట్టి ఉందంట. సి.బి. రేడియోకు అక్కడి చట్టం 4 వాట్లు దాటొద్దంటుంది. వాళ్ళకది చాలక, పాత టీవీల్లో బొమ్మను అటూ ఇటూ లాగే లావు వాల్వులు తెచ్చి, వందల వాట్లకు ఎగేసేవాళ్ళు. అట్లాంటివి తయారు చేయొద్దని 1978లో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మన దేశంలో 2005 నుంచి సి.బి. నడిచే 27 మెగాహెర్ట్‌జ్ పట్టీలో 5 వాట్ల దాకా లైసెన్సు అక్కరలేదు.

ఆ ఫోటోను బావ పెళ్ళికూతురి ఫోటో చూసినట్టు చూసినాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసి, "రెండోదాని నెత్తి చూడు, తెల్లగైపోయింది. గాలి దూరింది" అన్నాడు. నిజమే, మంచి వాల్వుకు గాజు లోపల అద్దం మాదిరి వెండి మచ్చ ఉంటుంది. గాలి దూరితే అది పాలలాగ తెల్లబడుతుంది.

"తెప్పిస్తే ఎవరితో మాట్లాడతావు బావా? ఈ ఊర్లో ఇంకొకరి దగ్గరా సి.బి. ఉండాల కదా?"

"మాట్లాడేదెవరురా? వెలిగేది చూస్తాం."

స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో కరెంటు దాగుంటుంది, చెయ్యి పెట్టొద్దని ఊరందరికీ చెప్పే ఈ మనిషే మూడుసార్లు షాకు తిన్నాడు. మూడోసారి గోడకు కొట్టుకుని లేచి, "కెపాసిటరు బాగుంది" అన్నాడు. మా అక్క ఆ పొద్దు ఆయనకు గంజి తాగిస్తూ ఏడ్చింది, నవ్వింది కూడా.

ఇంతా రాసి ఒకటి దాచడం పాపం. మూడు నెలల కింద వాళ్ళింటికి సున్నం కొట్టిస్తూ, ఒక మర్ఫీ వాల్వు రేడియోను చిక్కబళ్ళాపురంలో మా ఇంట్లో పెట్టిపోయినాడు. వారం దాకా దానిమీద గుడ్డ తీయలేదు. ఒకనాటి సాయంత్రం ఊరికే, ఊరికేనే, ముల్లును బెంగళూరు స్టేషను 612 దగ్గర పెట్టినాను. డయలు వెనక పసుపు వెలుగు లేచింది, దుమ్ము కాలిన వాసనొచ్చింది, తర్వాత ఎక్కడో బావిలోంచి మాదిరి గొంతు. ఎల్.ఇ.డి. బల్బులు వెలిగితే గీమని రొద వస్తుందని, ఆ రోజు నుంచి ఇంట్లో దీపాలన్నీ ఆర్పేస్తున్నాను. నా భార్య చీకట్లోనే చపాతీలు వత్తుతోంది. నాతో మాటలు తగ్గించింది.

నిన్న బావ పెట్టె కోసం వచ్చినాడు. ఒక వాల్వు సరిగా లేదు బావా, రిపేరు చేయించి పంపిస్తానని అబద్ధం చెప్పినాను. ఆయన రేడియో వైపు చూసినాడు. దాని నెత్తిన నా పెన్సిలుంది, మొన విరిగి.

"రబ్బరున్న పక్కతో తట్టాలరా, ఎన్నిసార్లు చెప్పేది?" అని, కాఫీ తాగి, పెట్టె మాట మళ్ళీ ఎత్తకుండా బస్సెక్కినాడు.