పాత బండి అలవాటు

మా ఇంటికి మొదట వచ్చిన బండి ఆరెక్స్ హండ్రెడ్. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ 98 సీసీ టూ స్ట్రోకు యమహా మీదే నాన్న అంగలకుదురు నుంచి తెనాలికి వెళ్ళొచ్చేవాడు. అందులో టూటీ ఆయిలు పెట్రోలుతో పాటే కాలుతుంది కాబట్టి ప్లగ్గుకి మసి పట్టడం మామూలే. స్పేర్ ప్లగ్గు, పానా ఎప్పుడూ వెంట ఉండాల్సిందే. గాలి ఫిల్టరు ఫోముది. దాన్ని ఉతికి, ఆరబెట్టి, ఆయిల్లో ముంచి పిండి మళ్ళీ బిగించడం నా పని. బండ్ల సంగతి నాకు తెలుసన్న ధీమా అక్కడే పుట్టింది.

తర్వాత చాలా ఏళ్ళకి సెకండ్ హ్యాండులో ఒక ఫోర్ స్ట్రోకు బండి కొన్నాను. కోతల రోజులొచ్చాయి. రోడ్డు వారన వడ్లు ఆరబోసి ఉంటాయి, నూర్పిడి దుమ్ము గాల్లోనే ఉంటుంది. అది ఇంజనులోకి పోకూడదని ఫిల్టరు విప్పాను. మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు. దానికీ ఆయిలు పట్టించాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క పనిలోనే ఉంది.

లీటరుకి అరవై దాకా వచ్చే బండి నలభైకి పడిపోయింది. పొద్దున్నే కిక్కు కొడితే అందుకునేది కాదు. ప్లగ్గు విప్పితే బొగ్గులా ఉండేది. ప్లగ్గు నల్లబడటం నా దృష్టిలో జబ్బే కాదు, తుడిచి పెట్టేవాణ్ణి, లేదా కొత్తది వేసేవాణ్ణి. మైలేజీ పడిపోవడాన్ని వేరే జబ్బనుకుని బంకు మార్చాను. కార్బురేటరు ట్యూనింగ్ స్క్రూ తిప్పాను. ఆ స్క్రూ పనిచేసేది ఐడిలింగులో, కాస్త యాక్సిలేటరు ఇచ్చినంతవరకే అని అప్పుడు తెలియదు. మసి కాలిపోతుందని హాట్ ప్లగ్గు కూడా వేశాను. జబ్బు అలాగే ఉంది, దాని గుర్తు మాత్రం కొంత చెరిగిపోయింది.

చివరికి తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ప్లగ్గు మీద వేలు పెట్టి రాశాడు. పొడి మసి వేలికంటింది. వెంటనే సైడు డూము విప్పి ఫిల్టరు బయటికి తీశాడు.

"దీనికి ఆయిలు ఎవరు పోశారబ్బాయ్?"

"నేనే బాబాయ్."

ఆయన కోప్పడలేదు. ప్లగ్గు తడిగా, జిడ్డుగా ఉంటే రింగులో వాల్వు సీళ్ళో పోయి ఆయిలు పైకెక్కుతున్నట్టు, పొడి మసి ఉంటే గాలి చాలక పెట్రోలు మిగిలిపోతున్నట్టు అని చెప్పాడు. బాగున్న ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటుందట.

ఆ లెక్క తర్వాత నాకు పూర్తిగా అర్థమైంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బురేటరు ఫ్లోటు గిన్నెకి బయటి గాలి తగులుతూనే ఉంటుంది. ఫిల్టరు మూసుకుపోతే గొంతులో ఒత్తిడి తగ్గి, జెట్టులోంచి పెట్రోలు మరింత లాగబడుతుంది. అంటే గాలి తగ్గింది, పెట్రోలు పెరిగింది. ప్లగ్గు తన మసిని తానే కాల్చుకోవాలంటే దాని కొన 450 నుంచి 500 డిగ్రీల వేడికి చేరాలి. ఊరి నుంచి తెనాలికి వెళ్ళే కాసేపట్లో ఆ వేడి ఎక్కడొస్తుంది? అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలు పొరని కడిగేసి, కిందకి దిగి ఇంజనాయిలుని పలచన చేస్తుంది. నేను ఇంకొన్నాళ్ళు అలాగే నడిపి ఉంటే బోరు పని పడేది.

కొత్త ఫిల్టరు, కంపెనీ చెప్పిన నంబరు ప్లగ్గు వేశాక మైలేజీ తిరిగొచ్చింది. నన్ను బాధపెట్టింది పోయిన డబ్బు కాదు. నాకు తెలియనిది కొంచెమే. తెలుసనుకున్నదే నన్ను చెడగొట్టింది. టూ స్ట్రోకు మీద అక్షరాలా నిజమైన విద్యని ఫోర్ స్ట్రోకు మీద గుడ్డిగా వాడాను. నాన్న బండి మీద ప్రేమ కొద్దీ, ఎదురుగా ఉన్న బండిని చూడలేదు.

పాత బండి కొన్నవాళ్ళకి నా మాట ఒక్కటే. ఫోర్ స్ట్రోకులో ప్లగ్గు నల్లబడటం మామూలు కాదు. కొత్త ప్లగ్గు కొనేముందు ఫిల్టరు చూడండి, చోకు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి, ఫ్లోటు లెవెలు చూపించండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి మైలేజీ లెక్క కట్టండి. ఏ ఫిల్టరుకి ఏం చెయ్యాలో ఆ బండి పుస్తకంలో రాసే ఉంటుంది. అది చదివాకే పానా పట్టుకోండి.